పద్దులెత్తి వ్రాయుటలో ప్రమాదములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా మన బంగారుపాళ్యమున విద్యాదీపము వెలిగించుచున్న ఈ గ్రంథాలయపు రజతోత్సవమున నన్నును రెండు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. నేను పండితుడను గాను. పగలు పద్దులు వ్రాసికొనుచు, రాత్రులయందు ఈ బీరువాలలోని భారత భాగవతములను నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివికొన్నవాడను. గురువు లేని చదువు గనుక నా మాటలలో దోషములుండును. పెద్దలు మన్నింతురుగాక.

కార్యదర్శిగారు నన్ను తిక్కన సోమయాజిని గూర్చి మాటాడుమనిరి. నేను మాత్రము వేరొక విషయము నెన్నుకొంటిని. ఈ ఉత్సవ సందర్భమున మన గ్రంథముల పట్టికను, చందాదారుల పట్టికను కంప్యూటరునుండి తీసి అచ్చు వేయింపదలచితిమి. ఆ పనిలో పడిన పాట్లు ఇచటి వారిలో పలువురికి తెలిసినవే. ఒకచోట నున్న లెక్కలను వేరొకచోటికి ఎత్తి వ్రాయునపుడు తప్పులేల కలుగును, వానిని పట్టుకొనుట యెట్లు అనునదే నేటి ప్రసంగము. తిక్కనగారిని బొత్తిగా విడువలేదు. ఆయన లేఖకుడు నడుమ నాకు సాక్ష్యమునకు వచ్చును.

ఎత్తి వ్రాయుట మనకు క్రొత్త పని కాదు. వెనుకటి దినములలో గ్రామకరణము పొలమువారీగా అడంగలు వ్రాసి, అందుండి రైతువారీగా చిట్టాలోనికి ఎత్తి, దానినిబట్టి వసూలు లెక్క కట్టెడివాడు. ఏటేట జమాబందీనాడు పై అధికారి కూర్చుండి, ఈ పుస్తకమునకును ఆ పుస్తకమునకును పొత్తు కుదిరినదా లేదా యని చూచెడివాడు. 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయినవి. తరువాత పుస్తకముల స్థానమున కంప్యూటర్లు వచ్చినవి. 2015 నుండి మన రాష్ట్రమున రైతు తన అడంగలును ‘మీభూమి’లో ఇంటినుండియే చూచుకొనుచున్నాడు. ఐనను ఎత్తి వ్రాయుట పోలేదు. అందలి తప్పులును పోలేదు. వ్రాయు చేయి మాత్రము మారినది.

ముందుగా రెండు మాటల అర్థము చెప్పికొందము. డేటాబేసు అనగా పెద్ద దప్తరఖానా వంటిది. ఏ అరలో ఏమి యుండవలయునో, ఏ గడిలో అంకె యుండవలయునో, ఏ గడిలో అక్షరము లుండవలయునో అందు ముందే కట్టడి చేసి యుంచుదురు. 1970లో ఎడ్గర్ కాడ్ అను విద్వాంసుడు ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచు, లెక్కలను పట్టికలుగా నమర్చి వాని నడుమ సంబంధము లేర్పరచు పద్ధతిని ప్రతిపాదించెను. నేటి డేటాబేసులలో పెక్కులు ఆ పునాదిమీద నిలిచినవే. స్ప్రెడ్‌షీటు అనగా మన చేతి చిట్టా వంటిది. 1979లో ‘విసికాల్క్’ అను పేర అట్టిది చిన్న కంప్యూటర్లకు వచ్చెను. 1985లో ‘ఎక్సెల్’ వచ్చెను. అందు ఏ గడిలో ఏమి వ్రాసినను అడ్డు చెప్పువారు లేరు. దప్తరఖానాకు నియమము మెండు. చిట్టాకు స్వేచ్ఛ మెండు. ఈ రెంటి నడుమ ఒక గడప యున్నది. మనము చెప్పికొనబోవు తప్పులలో పెక్కులు ఆ గడపకడ జరుగునవే.

ఇక నా తప్పు చెప్పికొందును.

కొన్ని సంవత్సరముల క్రిందట మామిడికాలమున, తోతాపురి కాయలు తోలిన రైతులకు పైకము పంచు పట్టికను తయారుచేయు పని నాకు వచ్చెను. తూకపు లెక్కలొక డేటాబేసులో నున్నవి. రైతుల పేర్లు, బ్యాంకు ఖాతాలు వేరొక దానిలో నున్నవి. రెంటిని ఎక్సెల్లోనికి తెచ్చి, ఖాతా సంఖ్యను గుర్తుగా బెట్టి జతపరచి, ఎవరికెంత యని తీసితిని. చేతితో వ్రాసినచో నాలుగు దినములు పట్టు పని గంటలో ముగిసెను. నాకు గర్వము కలిగెనని యొప్పుకొనుచున్నాను.

పది దినములకు ఒక వృద్ధురాలు వచ్చి తన పైకము రాలేదనెను. పట్టిక చూచితిని, ఆమె పేరు లేదు. “నీ పేరు కంప్యూటరులోనే లేదమ్మా” అని పంపివైచితిని. ఆమె మరల వచ్చెను. ఈసారి జాలిపడి, పట్టిక అడుగున ఆమె పేరు చేతితో చేర్చితిని. మరునాడు డేటాబేసునుండి పట్టికను తాజాపరచగా, నేను చేర్చిన వరుస తుడిచిపెట్టుకొని పోయెను. నేను గమనింపనేలేదు. మూడవసారి వచ్చి ఆమె అడిగిన మాట నేటికిని నా చెవిలో నున్నది. “సామీ, మూడుతూర్లు తిరిగితి. నేను తోలిన కాయలు మీ తూకానికి కనపడినాయి గదా, నేను మాత్రం కనపడలేదా?”

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేర్చికొన్నదే ఈ ఉపన్యాసము.

తప్పులు రెండు తెగలు. అరచునవి కొన్ని, అరవనివి కొన్ని.

అరచు తప్పు వచ్చినపుడు పట్టిక అసలు రాదు. తెరమీద నాలుగు పంక్తుల ఆంగ్లము వచ్చి నిలుచును. పెక్కుమంది దానిని చదువకయే మూసివైచి, మరల ఆ బొత్తామునే నొక్కుదురు. అది తగదు. నాలుగు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెను. దారి యున్నదా? తాళపుచెవి సరిపోయినదా? దుబాసీ యున్నాడా? అడిగిన అర అచట నున్నదా?

దారి యనగా రెండు యంత్రముల నడుమ సంబంధము. ఫైలును ఒక చోటినుండి వేరొక చోటికి మార్చినను, యంత్రము పేరు మార్చినను పాత దారి పనికిరాదు. తాళపుచెవి యనగా పేరును, సంకేతపదమును, చూచుటకు అనుమతియును. నిన్నటి సంకేతపదము నేడు మారియుండవచ్చును. అనుమతి ఒక పట్టికకుండి వేరొకదానికి లేకపోవచ్చును. దుబాసీ యనగా డేటాబేసు భాషను ఎక్సెల్‌కు చెప్పు ‘డ్రైవరు’. ఎక్సెల్ 64 బిట్లదై దుబాసీ 32 బిట్లవాడైనచో ఇరువురికి మాట కలియదు. ఇక అర సంగతి. మన గ్రంథాలయముననే ‘పేరు’ అను నిలువు వరుసను ఒకరు సదుద్దేశముతోనే ‘గ్రంథనామము’ అని దిద్దిరి. నాటినుండి పట్టిక రానన్నది. ఎక్సెల్ ‘పేరు’ను అడుగుచున్నది; దప్తరమున ఆ పేరుగల అర లేదు. ఈ నాలుగింటిలో తప్పెచటనో తెలిసికొనుటకు పట్టిక నంతను పిలువనక్కరలేదు. ఒక్క వరుసను పిలిచి చూచిన చాలును.

ఈ తప్పులు మనకు మిత్రులు. పని ఆపును గాని, అబద్ధము చెప్పవు.

రెండవ తెగవి అరవవు. పట్టిక చక్కగా వచ్చును. గడులన్నియు నిండి యుండును. మామిడిపండులో టెంకపురుగు చేరినపుడు పైకి మచ్చయైన కనబడనట్లు, ఆ పట్టికలో తప్పు పైకి కనబడదు.

ఇచటనే తిక్కనగారి లేఖకుని పిలుచుచున్నాను. సోమయాజి భారతమును చెప్పుచుండగా గురునాథుడనువాడు వ్రాసెనని ఐతిహ్యము. ఒకచోట కవికి మాట తోచక, తన ఇబ్బందిని లేఖకునితో పేరుపెట్టి చెప్పుకొనెనట. గురునాథుడు అదియు పద్యములోని మాటయే యనుకొని వ్రాసివైచెను. తీరా చూడగా అది పద్యమున చక్కగా కుదిరిపోయెను. ఎట్లనగా, ధృతరాష్ట్రుని ‘కురునాథ’ యని పిలిచినను, సంధివశమున కకారము గకారమై ‘గురునాథ’ యనియే వినబడును. ధ్వని యొకటే, అర్థములు రెండు. పింగళి సూరన రాఘవపాండవీయమున కావ్యమంతయు రామకథకును భారతకథకును పొసగునట్లు నడపెను. కవి చేసినచో ద్వ్యర్థి కావ్యమగును. కంప్యూటరు చేసినచో ద్వ్యర్థి నష్టమగును. రెండర్థములలో ఒకదానిని అది తానే ఎన్నుకొనును. ఎన్నుకొంటినని మనతో చెప్పదు.

మన సర్వే నంబర్లు చూడుడు. 5/2 అనగా అయిదవ నంబరులో రెండవ ఉపవిభాగమని మనకర్థము. డేటాబేసులో అది అక్షరముల గడిలో భద్రముగా నున్నది. దానిని కామాలతో విడదీసిన సాదా ఫైలుగా తీసి ఎక్సెల్లో తెరచినంతనే అది ఫిబ్రవరి 5వ తేదీ యగును. 145/3 ఏ తేదీకిని పొసగదు గావున అట్లే నిలుచును. అందుచేత ఒకే నిలువు వరుసలో కొన్ని పొలములు పొలములుగాను, కొన్ని తేదీలుగాను కనబడును. పిదప ఆ గడిని అక్షరముల గడిగా మార్చినను 5/2 తిరిగిరాదు. ఎక్సెల్ తేదీని 1900 జనవరి 1 మొదలు దినముల లెక్కగా దాచుకొనును. ఈ పొరపాటు 2025లో జరిగినచో 5/2 ఉండవలసినచోట 45693 అను అంకె మిగులును. పొలము పోయి దినముల లెక్క మిగిలినది! కావున మందు ముందే వేయవలెను. ఫైలును నేరుగా తెరువక, దిగుమతి మార్గమున తెచ్చి, ఈ వరుస అక్షరములని గడపకడనే చెప్పవలెను.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. మానవ దేహమునందలి జన్యువులకు పేర్లు పెట్టు అంతర్జాతీయ సంఘము, ‘మార్చ్1’, ‘సెప్ట్1’ వంటి పేర్లు ఎక్సెల్లో తేదీలైపోవుచున్నవని 2020లో ఆ పేర్లనే మార్చివైచెను. శాస్త్రజ్ఞులే యంత్రమునకు లొంగి పేర్లు మార్చుకొనిరి. 2023లో ఎక్సెల్ అట్టి మార్పులను ఆపుకొను ఏర్పాటును కల్పించినది. అది అక్షరములును అంకెలును కలిసిన పేర్లకు రక్ష. మన 5/2 వంటి గీత గుర్తునకు ఆ రక్ష చాలదు.

ఇక సున్నా సంగతి. సున్నాతో మొదలగు సంఖ్యను ఎక్సెల్ అంకెగా గ్రహించినచో ఆ సున్నాను పారవైచును. పదునైదు అంకెలకు మించిన సంఖ్యయైనచో పదునాఱవ అంకెనుండి సున్నాలు పెట్టును. లెక్కకు ముందు సున్నా యున్నను లేకున్నను ఒకటే. గుర్తుకు మాత్రము ఒకటి కాదు. ఖాతా సంఖ్య చూచుటకు సంఖ్యయే గాని, నిజమునకది పేరు. దానిని ఎవరును కూడరు, ఎవరును హెచ్చవేయరు. కూడికకు రాని సంఖ్యను అక్షరముగా చూడవలెననుట నేను నేర్చికొన్న మొదటి సూత్రము.

ఆ వృద్ధురాలి విషయమున జరిగినది ఇదియే. ఆమె ఖాతా సంఖ్య సున్నాతో మొదలగును. తూకపు పట్టికలో ఆ సున్నా నిలిచెను. ఖాతాల పట్టికలో రాలిపోయెను. రెండును ఒకటి కాదని యంత్రము జత కలుపలేదు. జత లేని వరుసను చూపనులేదు. సున్నా యొకటి రాలగా ఒక మనిషి పట్టికనుండి జారిపోయెను.

మన గ్రంథాలయమునకును ఇట్టి ముచ్చటయే జరిగినది. క్రొత్త పుస్తకముల వెనుక అట్టమీద ఐ.ఎస్.బి.ఎన్. అను 13 అంకెల సంఖ్య యుండును. అంత పొడవైన సంఖ్యను ఎక్సెల్ కుదించి, ముందటి కొన్ని అంకెలను మాత్రము చూపి, ‘ఇ’ అను ఆంగ్లాక్షరముతో ముగించును. లోపల అంకెలన్నియు నుండును. కాని ఆ స్థితిలో మరల సాదా ఫైలుగా దాచినచో కంటికి కనబడినంతయే వ్రాయబడును. భారతదేశపు ప్రచురణలలో పెక్కులు 97881తో మొదలగును గావున, ఎన్నో పుస్తకములకు ఒకే సంఖ్య వచ్చెను. భాగవతమునకును, వంటల పుస్తకమునకును భేదము లేకపోయెను!

పాత చందాదారుల పుస్తకమునుండి వచ్చిన చిక్కు వేరు. ఒకే ఊరు వరుసగా వచ్చినపుడు ‘సదరు’ అని గాని ‘ఐజన్’ అని గాని వ్రాసి ఊరకుండుట మన పూర్వుల యలవాటు. ఉన్నది ఉన్నట్లు ఎక్కించిన యువకులు వానిని గూడ ఎక్కించిరి. పేర్లను అకారాదిగా నమర్చగనే, ఏ ‘సదరు’ ఎవరి క్రింది సదరో తెలియకపోయెను. మొగిలివారు పలమనేరువారైరి. చేతి పుస్తకమున పై వరుసయే క్రింది వరుసకు ఆధారము. డేటాబేసులో ప్రతి వరుసయు తన కాళ్లమీద తాను నిలువవలెను.

తెలుగు లిపి వలన కలుగు చిక్కులును కొన్ని యున్నవి. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పుననే తెలుగునకు చోటు దొరికెను. ఐనను మన అచ్చుపనులలో ‘అను’ వంటి ఫాంట్లు విరివిగా వాడుకలోనికి వచ్చెను. ఆ ఫాంటులో తెలుగుగా కనబడునది నిజమునకు వేరు గుర్తులు వేసికొన్న వేషము. ఫాంటు లేని యంత్రమున వేషము తొలగి, అర్థము లేని గీతలు బయటపడును. అట్టి వ్రాతను మార్పు సాధనముతో యూనికోడులోనికి దింపిన గాని పని జరుగదు. యూనికోడులోనే యున్నను, ఫైలు తెచ్చునపుడు ‘యు.టి.ఎఫ్. 8’ అను పద్ధతిని ఎన్నుకొననిచో తెలుగు పేర్లు చెదరి పిచ్చిగీతలగును. అప్పుడు కంగారుపడి ఫైలును దిద్ది దాచరాదు. మూసివైచి, సరియైన పద్ధతితో మరల తెరచిన చాలును.

మూడవది మిక్కిలి గడుసుది. ‘మోహన్’ వంటి పేరు చివర పొల్లు తరువాత, కొన్ని టైపు సాధనములు కంటికి కనబడని గుర్తొకటి చేర్చును. కొందరు పేరు చివర ఖాళీ యొకటి విడుతురు. రెండు పట్టికలలోను పేరు ఒకే తీరుగా కనబడును. యంత్రము మాత్రము అవి వేరు వేరందును. అట్టిచోట అక్షరముల సంఖ్యను లెక్కింపుమని ఎక్సెల్‌నే అడుగవలెను. రెండింటికి లెక్క తేడా వచ్చినచో దొంగ దొరికినట్లే.

వరుసలు రాలిపోవుట ఎంతటి యనర్థమో లోకమునకు తెలిపిన సంగతి యొకటి కలదు. 2020లో కోవిడు మహమ్మారి వేళ, ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థలో పరీక్షల ఫలితములను పాతరకపు ఎక్సెల్ ఫైలులోనికి తెచ్చుచుండిరి. ఆ ఫైలు 65,536 వరుసలకు మించి పట్టదు. మించినవి చేరలేదు. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వఱకు 15,841 మంది వ్యాధిగ్రస్తులు ప్రకటిత సంఖ్యలలో చేరకపోయిరి. వారితో మెలగినవారిని హెచ్చరించుటయు ఆలస్యమయ్యెను. క్రొత్తరకపు ఫైలు 2007లోనే వచ్చినది. అది 10,48,576 వరుసలు పట్టును. పాత సంచిలో క్రొత్త పంటను నింపిన ఫలమిది.

వరుసలు తగ్గుటయే కాదు, పెరుగుటయు కలదు. ఒక రైతునకు తూకపు చీటీలు మూడు, ఖాతాలు రెండు ఉన్నవనుకొనుడు. రైతు పేరునుబట్టి జతపరచినచో వరుసలు ఆఱగును, మొత్తము రెట్టింపగును. తగ్గినచో రైతు వచ్చి యడుగును. పెరిగినచో ఎవరడుగుదురు?

ఇక కాలదోషము. ఎత్తి వ్రాసిన నాడు పట్టిక సత్యమే. మూలము మారి పట్టిక మారనిచో నాటి సత్యము నేటి యసత్యమగును. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. 2021 ఏప్రిలునుండి పాత ఐ.ఎఫ్.ఎస్.సి. సంకేతములు చెల్లలేదు. పాత పట్టికను దాచుకొని దానినే నమ్మినవారి పైకము గమ్యము చేరక తిరిగివచ్చును. ఆ సంకేతమున పదునొకండు గుర్తులుండును. అయిదవది ఎల్లప్పుడును సున్నా. దానిని ‘ఓ’ అను ఆంగ్లాక్షరముగా వ్రాయువారును కలరు. చూచు కంటికి రెండును ఒకటే. కావున ప్రతి పట్టిక నెత్తిన, ఏ దినమున ఏ మూలమునుండి తీసినదో వ్రాసికొనుట మంచిది.

సభాసదులారా! రోగములు చెప్పితిని. మందు చెప్పక విడువరాదు. మందు మన పూర్వుల జమాబందీయే.

మూలమునుండి వచ్చిన ఫైలును ముట్టక వేరుగా దాచుడు. దిద్దుబాట్లన్నియు ప్రతిమీదనే జరుగవలెను. వరుసలెన్నియో గడపకు ఆవల లెక్కించి, ఈవల లెక్కింపుడు. తూకమో, రూపాయలో కూడదగిన వరుస యున్నచో రెండు వైపుల మొత్తములు కట్టి సరిచూడుడు. ఇది పిల్లలును చేయగల పని. పెద్దలు మరచునదియు నిదియే.

మొత్తములు సరిపోయినను తృప్తి పడరాదు. కొన్ని వరుసలను ఏరి మూలముతో అక్షరమక్షరము సరిచూడవలెను. మొదటిదానిని, చివరిదానిని మాత్రము చూచిన చాలదు. చిక్కు తెచ్చునవి యేవో వానినే ఏరవలెను: సున్నాతో మొదలగు ఖాతా, గీత గుర్తుగల సర్వే నంబరు, మిక్కిలి పొడవైన సంఖ్య, పొల్లుతో ముగియు తెలుగు పేరు.

తప్పు కనబడినపుడు ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయుడు. నాలుగు మార్పులొక్కటిగా చేసినచో, తప్పు పోయినను ఏ మందు పనిచేసినదో తెలియదు. చేసిన మార్పును తేదీతో పుస్తకమున వ్రాసికొనుడు.

తప్పును పుట్టినచోటనే దిద్దుడు. కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులను జీతములిచ్చి నియమించి, ఒకే కావ్యమునకు పలు ప్రతులను సరిచూపించెను. తప్పు కనబడగనే అది ఏ ప్రతినుండి దిగివచ్చినదని వెదకుట ఆ పనిలోని కీలకము. నేను ఆ వృద్ధురాలి పేరును పట్టిక అడుగున చేర్చినపుడు ప్రతిని దిద్దితిని, మూలమును విడిచితిని. అందుచేతనే నా దిద్దుబాటు ఒక్క దినమైనను నిలువలేదు.

కడపటిది, నా మనస్సులో మొదటిది. రెండు పట్టికలను జతపరచునపుడు, జత కుదిరినవారిని చూచి మురియక, జత కుదరనివారిని వేరు పట్టికగా తీయుడు. యంత్రము అడిగినచో చూపును, అడుగనిచో చూపదు.

మూడవసారి ఆమె వచ్చిన నాటి రాత్రి నేను అట్టి పట్టికను తీసితిని. మూడు పేర్లు వచ్చెను. ఒకటి ఆమెది. మిగిలిన ఇద్దరును నాకడకు ఒక్కసారియు రాలేదు. ఒకరు కూలిపనికి బెంగుళూరు పోయి యుండిరి. రెండవవారిని మరునాడు నేనే పోయి అడిగితిని. “పట్టికలో లేదన్నారు సామీ, ఇంక నేనేమి అడిగేది?” అనిరి. ఖాతాల వరుసను అక్షరములుగా గడపకడనే కట్టడి చేసి మూలమునుండి మరల తెచ్చితిని. ముగ్గురి పేర్లును తమ తమ స్థానములలో నిలిచెను. వారి పైకము వారికి చేరెను. ఆమె వచ్చి రెండు మామిడికాయలు నా బల్లమీద నుంచిపోయెను. వానిని తీసికొనుటకు నాకు మొగము చెల్లలేదు.

ఆమె మూడుమార్లు తిరిగి అడుగకున్నచో ఆ యిద్దరి సంగతి నాకు నేటికిని తెలియకుండెడిది. లెక్క వ్రాయువానికి అడుగవచ్చినవాడు భారము కాడు, ఉపకారి. అడుగ రానివానిని వెదకుటయే లెక్క వ్రాయువాని ధర్మము.

ఇక ఒక మనవితో ముగించెదను. ఈ రజతోత్సవ సంచిక చివర మన చందాదారుల పట్టిక అచ్చుకానున్నది. చిన్నవాండ్రు దానిని కంప్యూటరునుండి తీసిరి. నేను వరుసలు లెక్కించి, పాత పుస్తకముతో సరిచూచితిని. ఐనను నా కన్ను తప్పినవి యుండవచ్చును. అచ్చునకు పోవుటకు ముందు ఆ పట్టిక ప్రతిని అదుగో, ద్వారము ప్రక్క బల్లమీద నుంచినారము. ప్రక్కన ఎఱ్ఱ పెన్సిలును ఉన్నది. మీ పేరును, మీ ఇంటివారి పేరును వెదకికొనుడు. ఈ సభకు రాలేని మీ ఇరుగుపొరుగువారి పేర్లును దయచేసి చూడుడు. లేనిచో కంప్యూటరులో లేదుగదా యని మిన్నకుండవలదు. నాకడకు వచ్చి అడుగుడు. మూడుమార్లు అక్కరలేదు, ఒక్కమారు చాలును.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక!